బంధువుల వంటింట్లో కోషర్: వాళ్ల స్టౌ, ఓవెన్, మిక్సీ వాడుకునే పద్ధతి

నాలుగు రోజులు చుట్టాలింట్లో ఉండటానికి వెళ్తూ, వాళ్ల వంటింటిని కోషర్, అంటే యూదుల ఆహార నియమాలకు తగినట్టు, చేసేద్దామని బయల్దేరకండి. అది అయ్యే పని కాదు, అయినా ఆ ఇంటివాళ్లు హర్షించరు. మీరు తినేది కోషర్‌గా ఉండాలి: రొయ్యల్లాంటివి ఉండకూడదు, పాలూ మాంసమూ కలవకూడదు. వాళ్ల ఓవెన్ కోషర్ కానక్కర్లేదు. ఈ రెండూ వేరని పట్టుకుంటే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. తక్కిన సగానికి మూడు మార్గాలున్నాయి: కొన్ని వస్తువులు మోసుకెళ్లడం, కొన్నిటిని చుట్టిపెట్టడం, కొన్నిటి జోలికి అసలు పోకపోవడం.

యూదుల ఆహార నియమాలతో తెలుగువాళ్లకు పనేంటని అనుకోనక్కర్లేదు. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమాజం ఉంది. వాళ్ల చుట్టాల్లో చాలామంది క్రైస్తవులు. అమెరికాలో యూదు కుటుంబాలతో వియ్యమందిన తెలుగు ఇళ్లున్నాయి. అటు బ్రూక్లిన్‌లోనూ ఇటు గుంటూరులోనూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: నిన్న రొయ్యల ఇగురు వండిన స్టౌ మీద ఇవాళ నా పప్పు ఎలా ఉడికించుకోవాలి?

ముందు ఒక సంగతి ఇంటివాళ్లకు తెలియాలి. ఇది మడి కాదు, అంటు అసలే కాదు. మన వైపు "నా గిన్నె ముట్టుకోవద్దు" అంటే దాని వెనక తరాల అవమానం వినిపిస్తుంది. అందుకని మాట జారకుండా చూసుకోండి. కోషర్‌లో మనిషి తాకినందువల్ల వంట చెడదు, గిన్నె చెడదు. ద్రాక్షసారాయి ఒక్కదానికే వేరే నియమం ఉంది, అది సీసా విషయం, దాన్ని వంటింట్లోకి లాగకండి. ఇక్కడ లెక్కంతా గిన్నె పీల్చుకున్న రుచిది. మాంసం రుచి వేడి మీద గిన్నెలోకి దిగుతుంది, అదే గిన్నె మళ్లీ వేడెక్కితే తర్వాతి వంటలోకి వదులుతుంది. పిన్నికి ఇంత చెప్తే చాలు, యూదుల ధర్మగ్రంథం తోరా నుంచి వచనాలు అక్కర్లేదు.

వెళ్లేముందు ఒక ఫోన్

"పిన్నీ, నువ్వేమీ మార్చక్కర్లేదు. నా గిన్నె, గరిటె నేనే తెచ్చుకుంటా. రోజూ ఒక అరగంట ఒక బర్నర్ నాకిస్తే చాలు." ఇలా మొదలుపెట్టండి. అడిగే ముందే ఇబ్బంది లేదని చెప్పారు కాబట్టి మిగతా ప్రశ్నలు మామూలు కబుర్లలో కలిసిపోతాయి. స్టౌ గ్యాసా, ఇండక్షనా? ఓవెన్ ఉందా, మైక్రోవేవ్ మాత్రమేనా? మిక్సీ ఏ కంపెనీది? కెటిల్‌లో నీళ్లు తప్ప పాలు, నూడుల్స్ లాంటివి కాస్తారా? ఇంట్లో మాంసం వండుతారా, లేక పూర్తి శాకాహారులా? ఈ చివరి జవాబు ఎందుకు ముఖ్యమో కింద చెప్తాను.

రుచి ఎప్పుడు పాకుతుంది, ఎప్పుడు పాకదు

నాలుగు విషయాలు గుర్తుంటే ఏ కొత్త యంత్రం ఎదురైనా మీరే అంచనా వేసుకోగలరు.

వేడి. చెయ్యి పెడితే చటుక్కున వెనక్కి తీసుకునేంత వేడి ఉంటేనే రుచి పాకుతుంది. జాగ్రత్త కోసం చాలామంది సుమారు 45 డిగ్రీల సెల్సియస్‌ను హద్దుగా పెట్టుకుంటారు. చల్లటి, పొడి పదార్థం శుభ్రమైన పళ్లెంలో పెడితే ఏమీ కాదు.

తడి. పొడిగా ఉన్న రెండు వేడి గిన్నెలు ఒకదానికొకటి తగిలినా వాటి మధ్య రుచి దాటదు. మధ్యలో తడో, జిడ్డో, పొంగిన పులుసో ఉంటే దాటుతుంది. స్టౌ గురించి భయం తగ్గించేది ఈ నియమమే.

కాలం. వేడిగా వాడిన 24 గంటల తర్వాత గిన్నెలో దిగిన రుచి పాడైపోయినట్టు లెక్క. అంతమాత్రాన ఆ గిన్నె వాడుకోవచ్చని కాదు, పొరపాటు జరిగినప్పుడు రబ్బీ (యూదు మతగురువు) తేల్చే తీర్పు మారుతుందని అర్థం.

ఘాటు. ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి లాంటివి కోసేటప్పుడు వేడి లేకపోయినా కత్తి నొక్కుడుకు రుచి పాకుతుంది. ఇక్కడ 24 గంటల వెసులుబాటు కూడా లేదని చాలామంది అంటారు. తెలుగు వంటకు ఇదే అసలు గండం, దీని గురించి మిక్సీ దగ్గర వివరంగా.

గిన్నె దేనితో చేసిందన్నదీ ముఖ్యం. మట్టిపాత్ర పీల్చుకుంటే ఇక వదలదు. పగలగొట్టాల్సిందేనని లేవీయకాండం 6:28 చెప్తుంది, అదే వచనంలో లోహపు పాత్రను తోమి కడగమంటుంది. పింగాణీని కూడా మట్టి కిందే జమకడతారు. గాజు దగ్గర సెఫార్దీలు (స్పెయిన్ వైపు మూలాలున్న యూదులు) అసలు పీల్చదంటారు, అష్కెనాజీలు (జర్మనీ, తూర్పు యూరప్ వైపు మూలాలున్నవాళ్లు) మరింత జాగ్రత్త పడతారు. స్టీలు, ఇనుము, రాయి శుద్ధికి, అంటే కాల్చో మరిగించో పాత రుచిని పోగొట్టడానికి, లొంగుతాయి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

ఒక 2 లీటర్ల స్టీలు గిన్నె మూతతో సహా, ఒక చిన్న మూకుడు, ఒక గరిటె, అట్లకాడ, ఒక మంచి కత్తి, పీలర్, పుస్తకమంత కోత పలక, పోపు గరిటె, పట్టకార, రెండు మసిగుడ్డలు, గిన్నెలు తోమే పీచు, మందపాటి ఫాయిల్ చుట్ట, బేకింగ్ పేపర్, రంగు టేపు, మార్కర్ పెన్ను. సింకులో పెట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ టబ్బు అక్కడే కొనుక్కోవచ్చు. పట్టకార మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఆ ఇంటి పట్టకార రోజూ మాంసపు గిన్నెల అంచుల్లో మునిగి తేలుతుంది, దాంతో మీ గిన్నె పట్టుకుంటే దాని మూతి మీ పులుసులోనే ఉంటుంది.

ఈ సామాను మొత్తాన్ని పారెవ్‌గా, అంటే పాలకూ మాంసానికీ చెందకుండా ఉంచేయండి. ప్రయాణంలో పాల సెట్టు ఒకటి, మాంసపు సెట్టు ఒకటి మోయాలనుకునేవాళ్లు మూడో రోజుకి ఏ గరిటె ఏదో మర్చిపోతారు. అన్నం, పప్పు, కూర, పచ్చడి, గుడ్లు, చేప: నాలుగు రోజులకు ఇవి చాలవా? పోపు నూనెతో పెట్టండి. ఒక్క చెంచా నెయ్యి వేశారా, ఆ మూకుడు పాలదైపోయినట్టే. పెరుగు, నెయ్యి వడ్డించుకునేటప్పుడు వేడి గిన్నెలో కాకుండా విస్తట్లోనే వేసుకోండి, అదీ ఆ పూట మాంసం లేకపోతేనే. రంగు టేపులో మాంసానికి ఎరుపు, పాలకు నీలం, పారెవ్‌కు ఆకుపచ్చ వాడటం యూదుల ఇళ్లలో మామూలు. మీ గిన్నెలన్నిటి పిడులకూ ఆకుపచ్చ టేపు చుట్టేస్తే ఇంటివాళ్లకు కూడా "ఇవి వేరు" అని చెప్పకుండానే తెలుస్తుంది.

స్టౌ

గ్యాస్ స్టౌ అన్నిటికంటే తేలిక. మంట తనను తానే శుభ్రం చేసుకుంటుంది. గిన్నె కూర్చునే ఇనుప చువ్వల మీదే చూపు పెట్టాలి. ముందు చువ్వలు తీసి తోమండి, ఎండిన పులుసు చారలు పోవాలి. తిరిగి పెట్టి, పైన ఏమీ లేకుండా మంట పెద్దది చేసి కాసేపు కాలనివ్వండి. తర్వాత మీ గిన్నె అడుగు పొడిగా తుడిచి పెట్టండి. పొడికి పొడి తగిలితే భయం లేదని ఇందాకే చెప్పుకున్నాం.

చెడేది పొంగినప్పుడే. అన్నం గంజి పొంగి చువ్వల మీద, దాని నుంచి పక్క బర్నర్ మీది చేపల పులుసు గిన్నె దాకా పారితే రెండూ ఒక తడితో కలిసినట్టే. అందుకని అన్నం వండేటప్పుడు గిన్నె మూడింట రెండు వంతులకు మించి నింపకండి, మూత కాస్త ఒరగా పెట్టండి. పక్క బర్నర్ మీద వేపుళ్లు జరుగుతుంటే మీ గిన్నెకు మూత ఉండి తీరాలి. చిటపటలాడే మూకుడు నుంచి ఒక బొట్టు ఎగిరి మీ పప్పులో పడటానికి జానెడు దూరం చాలు. వీలైతే వాళ్ల వంట అయ్యాకే మీది పెట్టుకోండి.

ఇండక్షన్, గాజు పలక ఉన్న కరెంటు స్టౌలతో మరో చిక్కు. గిన్నె నేరుగా పలక మీదే కూర్చుంటుంది, ఒలికింది ఎటూ పోకుండా అడుగునే ఉడుకుతుంది. ఇండక్షన్ పలక తనంతట తాను ఎర్రగా కాలదు కాబట్టి కాల్చి శుద్ధి చేసే దారి కూడా లేదు. పలక బాగా తుడిచి, పొడిగా ఆరాక, ఇండక్షన్ కోసమే అమ్మే పలుచని సిలికాన్ మ్యాట్ ఒకటి పరిచి దాని మీద గిన్నె పెట్టండి. ఆ మ్యాట్ మీద పోపులు, వేపుళ్లు వద్దు, నూనె బాగా కాగితే సిలికాన్ తట్టుకోదు. ఉడకబెట్టే వంటలకు చాలు.

పిన్ని అట్ల పెనం గురించి ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి నూనె పట్టించి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది లొంగదీసుకున్న ఇనుప పెనం అది. దాన్ని శుద్ధి చేయాలంటే మంట మీద కాల్చాలి, కాలిస్తే ఆ నునుపు పోతుంది, మర్నాటి నుంచి దోసె అంటుకుంటుంది. పెనం కావాలంటే కొత్తది కొనుక్కోండి, బంధుత్వం కంటే పెనం ఖరీదు తక్కువ.

ఓవెన్: రెండు పొరలు

వాళ్ల ఓవెన్‌ను శుద్ధి చేయడానికి పద్ధతి ఉంది: పూర్తిగా శుభ్రం చేసి, 24 గంటలు వాడకుండా ఉంచి, అత్యధిక వేడి మీద, అంటే సుమారు 290 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గంటసేపు కాల్చాలి. తనను తాను శుభ్రం చేసుకునే అమెరికన్ ఓవెన్లయితే ఆ సైకిల్‌లో సుమారు 480 డిగ్రీలకు వెళ్తాయి, పని ఒక్కసారిలో అయిపోతుంది. కానీ ఆ సైకిల్‌లో పొగ వస్తుంది, లోపలి చువ్వలు రంగు మారతాయి. ఎదుటివాళ్ల ఓవెన్‌తో ఆ ప్రయోగం వద్దు. మన ఇళ్లలో ఉండే చిన్న ఓటీజీలు సాధారణంగా 250 దాటవు కూడా. చుట్టడమే మేలు.

1. వంటకాన్ని వాడి పారేసే అల్యూమినియం ట్రేలో పెట్టండి. చింతపండు, టమాటా, నిమ్మరసం ఉన్న వంటైతే పైన ముందు బేకింగ్ పేపర్ కప్పండి. పులుపు ఫాయిల్‌ను తినేసి సూదిమొనంత చిల్లులు పెడుతుంది. పైకి కనపడవు, ఆవిరికి అవి చాలు.

2. మందపాటి ఫాయిల్‌తో ట్రే చుట్టూ, కింద కూడా, మొదటి పొర చుట్టండి. అంచుల్ని రెండు మడతలు వేసి గట్టిగా నొక్కండి.

3. రెండో పొర మొదటి దానికి అడ్డంగా చుట్టండి. మొదటి దాని అతుకు పైన వస్తే, దీని అతుకు కింద రావాలి. రెండు అతుకులూ ఒకేచోట ఉంటే రెండు పొరలు వేసిన ఫలితం దక్కదు.

4. మూలలు చూడండి. చిరిగేది అక్కడే. చువ్వ గీసుకుని చిన్న కన్నం పడినా ఇంకో ముక్క అతికించండి.

5. పొడి చువ్వ మీదే పెట్టండి. ఓవెన్ అడుగున నిన్నటి కొవ్వు కారి ఉంటే ముందే తుడిపించండి, లేకపోతే అది పొగై చుట్టుకుంటుంది.

6. తీసేటప్పుడు మీ మసిగుడ్డలతో తీసి, బల్ల మీద పెట్టి, పై పొర తుడిచాకే విప్పండి. వేడివేడిగా కత్తితో పొడిచి విప్పితే పైనున్న జిడ్డు లోపలికి జారుతుంది.

ఇలా రెండు పొరలుంటే అదే సమయంలో అదే ఓవెన్‌లో వాళ్ల కోడి వేగుతున్నా మీ వంటకు దోషం లేదు. ఒక్కటే ఇబ్బంది: కప్పి ఉంచిన వంట ఎర్రగా వేగదు, ఉడుకుతుంది. కరకరలాడే బంగాళాదుంపలు ఆశించకండి. కాస్త ఎక్కువసేపు కూడా పడుతుంది.

మైక్రోవేవ్

ఇక్కడ ఫాయిల్ పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు. ఇందులో శత్రువు ఆవిరి. గోడలకు పట్టిన జిడ్డు ఆవిరికి కరిగి తిరిగి వంట మీద పడుతుంది. మీ సొంత డబ్బాలో పెట్టి, మూత వేసి, ఆ డబ్బా మొత్తాన్ని మైక్రోవేవ్‌కు పనికొచ్చే జిప్ సంచిలో పెట్టండి. సంచిలో ఉబ్బడానికి చోటుండాలి. 30 సెకన్ల చొప్పున ఆపి ఆపి వేడి చేయండి, ఒక్కసారే 3 నిమిషాలు పెడితే సంచి పేలి, మీ అన్నమూ వాళ్ల గోడలూ ఒకటవుతాయి. కింద తిరిగే గాజు పళ్లెం మీద ఒక కొత్త కాగితపు పళ్లెం పరవండి.

నెల రోజులు ఉండేట్టయితే, వాళ్లు సరేనంటే, దీన్ని శుద్ధి చేయడం పెద్ద పని కాదు. లోపల, తలుపు అంచుల రబ్బరు దగ్గర, పైకప్పు మీద బాగా తుడవాలి, పైకప్పునే అందరూ వదిలేస్తారు. 24 గంటలు ఆపాలి. తర్వాత ఒక గిన్నెడు నీళ్లు పెట్టి లోపలంతా ఆవిరి కమ్మేదాకా మరిగించాలి, గిన్నె చోటు మార్చి మళ్లీ ఒకసారి. తిరిగే పళ్లానికి బదులు వేరేది పెట్టుకోవాలి.

మిక్సీ, కత్తిపీట, ఇంగువ

ఘాటైన వస్తువు కత్తి నుంచి రుచిని పిండుకుంటుందన్న నియమానికి తాల్ముద్ (యూదుల ధర్మచర్చల ప్రాచీన గ్రంథం) ఇచ్చే పాత ఉదాహరణ ఏమిటో తెలుసా? ఇంగువ. అవోదా జారా అనే భాగంలో ఇంగువ ముక్క ప్రస్తావన ఉంది: యూదులు కానివాళ్ల కత్తితో కోసింది తినకూడదు, ఎందుకంటే దాని ఘాటు కత్తికి పట్టిన కొవ్వును లాగి తీపి చేస్తుంది అని. మన పోపు డబ్బాలో ఉండే ఇంగువే. అక్కణ్నుంచి ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి దాకా నియమం విస్తరించింది. అల్లం, పచ్చిమిర్చి, ఊరగాయ కూడా ఇందులోకే వస్తాయని అనుకుని నడుచుకుంటే తప్పు జరగదు.

ఇప్పుడు తెలుగింటి మిక్సీ చిన్న జార్ తీసుకోండి. అందులో నూరేదే అల్లం వెల్లుల్లి. దాని మూత తీసి అడుగు చూడండి: బ్లేడు నాలుగు రెక్కలూ ఒక ఇరుసు మీద ఉంటాయి, ఇరుసు చుట్టూ నల్ల వాషరు, దాని కింద ఏ పీచూ చేరని సందు. వారం క్రితం మసాలా వాసన అక్కడ ఇంకా ఉంటుంది. మూత లోపలి రబ్బరు పీకితే దాని గాడిలో పసుపు చార కనపడుతుంది. మాంసం మసాలా, ఖీమా నూరిన జార్‌లో వెల్లుల్లి నూరితే ఆ వెల్లుల్లి ముద్ద మాంసానిదే అయిపోతుంది, అదీ కోషర్ కాని మాంసానిది. వేడి నీళ్లు పోసి తిప్పేస్తే ఈ సందు శుభ్రపడదు. అందుకే వాళ్ల జార్ వాడకండి. మోటారు మాత్రం వాడుకోవచ్చు, అది తిండిని తాకదు. అదే కంపెనీ చిన్న జార్ విడిగా కొని తీసుకెళ్లండి. ఫోన్‌లో కంపెనీ అడగమన్నది ఇందుకే, అడుగున ఉండే పళ్ల చక్రం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, వేరేది కూర్చోదు. కుదరకపోతే ఇంటి దగ్గరే అల్లం వెల్లుల్లి నూరి, నూనె, ఉప్పు కలిపి, సీసాలో పెట్టుకుని వెళ్లడం అన్నిటికంటే సుఖం.

కత్తిపీట సంగతీ ఇంతే. ఉల్లిపాయలు తరిగిపెట్టమని వదినకు చెప్పకండి, ఆవిడ ప్రేమగా తరిగిస్తుంది, మీరు తినలేక ఇబ్బంది పడతారు. మీ కత్తి, మీ పలక ఆవిడ చేతికివ్వండి, నిశ్చింతగా తరగొచ్చు. అరటిపండు, దోసకాయ, పుచ్చకాయ లాంటి చల్లటి, ఘాటు లేని వాటికి వాళ్ల కత్తిని సబ్బుతో బాగా తోమి ఒకటి రెండుసార్లు వాడుకోవచ్చు. పాత గ్రంథాల్లో ఇందుకు ఇంకో పద్ధతుంది: నొక్కులు లేని కత్తిని గట్టి నేలలో పదిసార్లు, ప్రతిసారీ కొత్తచోట, గుచ్చడం. పెరడున్న ఇంట్లో ఇది ఇప్పటికీ పనికొస్తుంది, అపార్ట్‌మెంట్‌లో మాత్రం పూలకుండీ చాలదు.

కుక్కర్

మన ఇళ్లలో కుక్కర్ అంటే ఒకదాని మీద ఒకటి మూడు గిన్నెలు: అడుగున పప్పు, పైన అన్నం, ఆ పైన కూరముక్కలు. "నీ గిన్నె పైన పెట్టుకో, మూత పెడదాంలే" అంటారు. వద్దనండి. ఆ ఒత్తిడిలో ఆవిరి ఏ మూత కిందికైనా దూరుతుంది. మటన్ ఉడికిన కుక్కర్ గోడ, రబ్బరు, విజిల్ గొట్టం అన్నీ అదే ఆవిరితో తడిసి ఉంటాయి. ఇడ్లీ పాత్రకూ ఇదే లెక్క. వాళ్ల కుక్కర్ శుద్ధి చేయాలంటే రబ్బరు మార్చాలి, విజిల్, వాల్వు విప్పి తోమాలి, నిండా నీళ్లు పోసి అంచు దాటి పొర్లేలా మరిగించాలి. అంతకంటే మీ 2 లీటర్ల గిన్నెలో కందిపప్పు గంట ముందు నానబెట్టి మామూలుగా ఉడికించుకోవడం తేలిక. కరెంటు రైస్ కుక్కర్ కొత్తది చిన్నది తీసుకెళ్తే ఇంకా మంచిది, దానికి స్టౌతో పనే లేదు.

మిగతావి, గబగబా

కెటిల్‌లో నీళ్లు మాత్రమే కాస్తుంటే వాడుకోవచ్చు. నూడుల్స్ ఉడికించిన కెటిల్ వద్దు. ఫ్రిజ్‌లో భయం లేదు, అంతా చల్లగా ఉంటుంది. మీ డబ్బాలు పై అరలో పెట్టండి, పైనుంచి కారేది కిందికి వస్తుంది కాబట్టి. ఇంట్లో మీరు లేనప్పుడు ఉంచే కోషర్ మాంసానికి రెండు ముద్రలుండాలి: డబ్బాకు ఒక టేపు, దాన్ని పెట్టిన సంచికి ఇంకోటి, రెండిటి మీదా మీ సంతకం. అనుమానించడానికి కాదు, ఎవరో పొరపాటున వేరే డబ్బాతో మార్చేస్తే తెలియడానికి. టోస్టర్, ఎయిర్ ఫ్రయర్, శాండ్‌విచ్ మేకర్ జోలికి పోకండి. శుద్ధికి కావలసిన వేడికి అవి పాడైపోతాయి. డిష్‌వాషర్‌లో మీ గిన్నెలు వేయొద్దు. సింకులో మీ టబ్బు పెట్టి, చన్నీళ్లతో, మీ పీచుతో తోముకోండి.

కాఫీ దగ్గర మాత్రం తప్పించుకోవడం కష్టం. "ఒక్క గ్లాసేగా" అంటారు. మీ స్టీలు గ్లాసు ఎప్పుడూ చేతికందేలా ఉంచుకోండి. డికాక్షన్ ఫిల్టర్ కాఫీకి తప్ప దేనికీ వాడరు కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు, కానీ గిన్నెలన్నీ డిష్‌వాషర్‌లో కలిపి కడిగే ఇల్లయితే వేడి నీళ్లు, కాఫీ పొడి చాలు. పాల విషయంలో మీరు పాటించే స్థాయి మీకు తెలుసు, తెలియకపోతే నల్లకాఫీ అలవాటు చేసుకోండి.

శాకాహారుల ఇల్లయితే

ఇది పెద్ద వరం. మాంసం ఎన్నడూ వండని ఇంట్లో గిన్నెలు పీల్చుకున్నది నెయ్యి, పెరుగు, పాలు. అంటే ఆ వంటిల్లు దాదాపు పాల వంటిల్లు. అయినా కోషర్ అనుకోకండి. పిజ్జాకు కొన్న చీజ్‌లో జంతువుల రెనెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) ఉండొచ్చు, వెనిగర్ ద్రాక్షది కావొచ్చు. ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క శాకాహారమని చెప్తుంది, కోషర్ అని చెప్పదు.

అన్నిటికంటే ముఖ్యం పురుగులు. శాకాహారమైనా పురుగుంటే కోషర్ కాదు. కాలీఫ్లవర్, గోంగూర, కొత్తిమీర, కరివేపాకు ఆకు ఆకు విడదీసి, ఉప్పు నీళ్లలోనో రెండు చుక్కల సబ్బు నీళ్లలోనో కాసేపు నాననిచ్చి, పంపు కింద కడిగి, వెలుతురులో రెండు వైపులా చూడాలి. వంకాయ నాలుగు పక్షాలుగా చీల్చి లోపల చూడకుండా మూకుట్లో వేయకండి. గుత్తివంకాయ అందుకు అనువైన కూర. బియ్యం, పప్పు చేటలో పోసి ఏరడం ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ పని పిన్నికే వదిలేయండి, మీకంటే ఆవిడ కళ్లే చురుకు.

పస్కా రోజుల్లో, అంటే గోధుమ లాంటి ధాన్యాలతో పులిసినదేదీ ముట్టకూడని యూదుల పండుగ వారంలో, మాత్రం ఇవేవీ సరిపోవు. మన కొట్లలో అమ్మే ఇంగువ పొడిలో గోధుమ పిండి కలుస్తుందన్న ఒక్క సంగతి చాలు ఎంత జాగ్రత్త కావాలో చెప్పడానికి. ఆ వారం మీ ఇంట్లోనే ఉండండి.

పిన్ని వండిపెడతానంటే

మీ గిన్నె, మీ సరుకు, ఆవిడ చెయ్యి. వద్దనక్కర్లేదు. యూదులు కానివాళ్లు పూర్తిగా తామే వండిన అన్నం, కూర లాంటివి తినకూడదన్న నియమం ఉంది, దానికి విరుగుడూ ఉంది. అష్కెనాజీ పద్ధతిలో స్టౌ మీరు వెలిగిస్తే చాలు. సెఫార్దీ పద్ధతిలో గిన్నె మంట మీద పెట్టేది మీరై ఉండాలి. రెండూ మీరే చేసేస్తే ఎవరూ వేలెత్తి చూపరు. కరెంటు కుక్కర్ మీట మీరు నొక్కండి. తర్వాత పోపు, ఉప్పు, కలపడం అంతా ఆవిడదే. మధ్యలో మంట ఆరిపోతే మళ్లీ వెలిగించాల్సింది మీరేనని ముందే చెప్పి ఉంచండి. మీరు వంటింట్లోకి వస్తూ పోతూ ఉండటం కూడా అవసరం, కూర్చుని కాపలా కాయడం కాదు, కబుర్లు చెప్పడమే.

పొరపాటు జరిగిందా

జరుగుతుంది. ఎవరో వాళ్ల గరిటె తెచ్చి మీ పప్పులో తిప్పేస్తారు. పారబోయకండి, తినేయకండి కూడా. గిన్నె పక్కన పెట్టి, రబ్బీకి ఫోన్ చేసే ముందు ఇవి రాసుకోండి: పప్పు అప్పుడు ఎంత వేడిగా ఉంది, ఆ గరిటె చివరిసారి వేడి వంటలో ఎప్పుడు పెట్టారు, ఏ వంటలో, గరిటె ఎంతవరకు మునిగింది, పప్పు మొత్తం ఎంత, అందులో ఉల్లి వెల్లుల్లి ఉన్నాయా. తప్పు చేరిన దానికి 60 రెట్లు మీ వంట ఉంటే చాలా సందర్భాల్లో తినొచ్చంటారు. 24 గంటలుగా వాడని గరిటైతే ఇంకా తేలిక. కావాలని ఇలా కలిపి 60 రెట్ల లెక్క వేసుకోవడం మాత్రం చెల్లదు. గరిటె పెట్టినవాళ్ల ముందు ఈ ఫోన్ చేయకండి, పెరట్లోకో మేడ మీదికో వెళ్లండి.

వాళ్ల దగ్గర తాత్కాలికంగా తీసుకున్న కొత్త గిన్నెను నీళ్లలో ముంచే తంతు అక్కర్లేదు, యూదులు కానివాళ్ల సొత్తును అరువు తీసుకుంటే ఆ నియమం వర్తించదు. కానీ తిరిగొచ్చేటప్పుడు పిన్ని ఒక స్టీలు గిన్నె కట్టి ఇచ్చిందనుకోండి, ఇస్తుంది కూడా, అది ఇక మీది. కొత్తదైతే అంటించిన కాగితం, జిగురు పూర్తిగా గీకి తీసి, మిక్వేలో (యూదుల శుద్ధి కొలనులో) గానీ సముద్రంలో గానీ నీరు అన్నివైపులా తగిలేలా ముంచాకే వంటకు వాడండి.